జామకాయలు కొనమంటోంది, అంతే

నాకు కోపం వస్తే ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషు టీచర్నే, అయినా రాదు. క్లాసులో పిల్లల్ని కసిరినా మా నరసరావుపేట తెలుగులోనే కసురుతాను. మాచర్ల దగ్గరి ఆ హోమ్‌లో ఉన్నన్ని రోజులూ నేను మాట్లాడిందంతా ఇంచుమించు ఇంగ్లీషే. అందుకేనేమో, రావలసిన కోపం రావలసిన చోట రాలేదు. తర్వాత వచ్చింది. వచ్చింది ఇంకా పోలేదు.

మాది తాతల నాటి నుంచి చర్చికి వెళ్ళే కుటుంబం. అప్పటికి నేను బీఈడీ అయిపోయి ఒక ప్రైవేటు స్కూల్లో చేరి రెండేళ్ళయింది. ఆదివారాలు సండేస్కూల్లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక మా పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచారు.

"మాచర్ల దగ్గర అనాథ పిల్లల హోమ్ ఉందమ్మా. దానికి విదేశాల నుంచి ఒక టీమ్ వస్తోంది, తొమ్మిది రోజులు. తర్జుమా చెయ్యడానికి ఇంగ్లీషు బాగా వచ్చిన ఆడపిల్ల కావాలంటున్నారు. నిన్ను పంపిద్దామనుకుంటున్నా" అన్నారు.

నాకు ఒళ్ళు పులకరించింది. ఆ మాట దాచుకోవడంలో అర్థం లేదు. అనాథ పిల్లలకు సేవ చేస్తాననే సంతోషం ఒకటైతే, ఊళ్ళో ఇంతమంది ఉండగా నన్నే అడిగారనే గొప్ప ఇంకొకటి. స్కూల్లో సెలవు అడిగితే కరస్పాండెంటు గొణిగాడు, చివరికి ఇచ్చాడు. తెల్లవాళ్ళ ఉచ్చారణ అర్థం కాదేమోనని రోజూ ఫోన్లో వీడియోలు చూసి చెవికి అలవాటు చేసుకున్నాను. మా అమ్మ నాకో డబ్బా, పిల్లలకని ఇంకో పెద్ద డబ్బా జంతికలు చేసి ఇచ్చింది.

హోమ్ గురజాల వెళ్ళే రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉంటుంది. నాపరాళ్ళు నిలువునా పాతి కట్టిన ప్రహరీ, లోపల రెండు పొడవాటి రేకుల గదులు, ఒక హాలు. ముప్పై మందికి పైగా పిల్లలు. దాన్ని నడిపేది యాభై దాటిన ఒకాయన. ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో ఉంటాడు. గొంతు పెంచి మాట్లాడడు. అందరూ ఆయన్ని అయ్యగారు అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. టీమ్‌లో పదకొండు మంది. ఎక్కువమంది కాలేజీ వయసువాళ్ళు. వాళ్ళ నాయకురాలు మాత్రం రిటైరైన స్కూలు టీచరు, తల మొత్తం నెరిసిన పెద్దావిడ. టీమ్ మాచర్లలో లాడ్జిలో దిగింది. నేను హోమ్‌లోనే ఆడపిల్లల గదిలో ఉన్నాను.

వాళ్ళు పెట్టుకున్న మొదటి పని గోడకు బొమ్మలు వెయ్యడం. హాలు బయటి గోడ మీద అప్పటికే ఇంద్రధనుస్సు, పడవ, ఏనుగులు ఉన్నాయి. రంగు చెక్కుచెదరలేదు. టీమ్ రావడానికి ముందు రోజు పిల్లలు గరుకు కాగితాలు పట్టుకుని ఆ ఏనుగుల్ని గీకేస్తున్నారు. ఎందుకు గీకుతున్నారని అడిగితే ఒక చిన్నది, "ఈసారి వచ్చేవాళ్ళు సింహం వేస్తారంటక్కా" అంది.

మర్నాడు పెద్దావిడ ఆ గీతలు పడ్డ గోడ చూసి అయ్యో అని, పాపం ఎంత పాతదైపోయిందో కదా అంది. అయ్యగారు నా వైపు చూశాడు. "అవును, చాలా పాతది" అని ఇంగ్లీషులో నేనే అన్నాను. ఎవరూ చెప్పమనకుండానే అన్నాను.

అలా మొదలైంది. టీమ్‌లో ఒక కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని, నీకు అన్నిటికంటే ఎక్కువ ఏం కావాలి అని ఒక పిల్లను అడిగాడు. ఆ పిల్ల క్షణం ఆలోచించకుండా "కోడికూర" అంది. పక్కనే ఉన్న అయ్యగారు నవ్వి, "బాగా చదువుకోవాలని ఉందంటోందని చెప్పమ్మా" అన్నాడు. నేనూ నవ్వి అలాగే చెప్పాను. కుర్రాడి కళ్ళు చెమర్చాయి. మిగతావాళ్ళలాగే తను కూడా నా ఇంగ్లీషు ఎంత బాగుందో అని మెచ్చుకున్నాడు. ఆ పిల్ల మాత్రం రెండు రోజుల పాటు కోడికూర వస్తుందని ఎదురుచూసింది.

ఆదివారం హాల్లో కూటం జరిగింది. అయ్యగారు పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి సాక్ష్యం చెప్పించాడు. అంటే తమకు ఏం జరిగిందో, దేవుడు ఎలా కాపాడాడో అందరి ముందూ చెప్పడం. మూడోదో నాలుగోదో, ఒక పదేళ్ళ పిల్ల లేచింది. చామనఛాయ, సన్నగా, చురుగ్గా ఉంది. చేతులు కట్టుకుని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"మా నాన్న చచ్చిపోయాడు. మా అమ్మ చచ్చిపోయింది. నాకు ఎవరూ లేరు. నేను రోడ్డు మీద ఉంటే అయ్యగారు తీసుకొచ్చారు."

క్లాసులో పద్యం అప్పజెప్పే పిల్లల్ని రోజూ వినేదాన్ని. ఎక్కడ ఆగమని నేర్పితే అక్కడే ఆగుతారు. ఈ పిల్ల కూడా అలాగే ఆగింది. నా చెవి దాన్ని పట్టుకుంది, నోరు మాత్రం పట్టించుకోలేదు. పైగా ఆ పిల్ల చెప్పనివి కూడా కలిపాను. ఆకలితో ఏడుస్తూ తిరిగేదని కలిపాను. అమ్మ ముఖం కూడా సరిగా గుర్తులేదని కలిపాను. నా గొంతు వణికింది. ముందు వరుసలో అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే, బాగా చెప్పాననుకున్నాను.

పెద్దావిడ లేచి వచ్చి ఆ పిల్లను గట్టిగా కావలించుకుని ఏడ్చేసింది. పిల్ల కాసేపు కట్టెలా నిలబడి, తర్వాత ఆవిడ వీపు మీద మెల్లగా తట్టింది. "ఏడవబాకాంటీ" అంది. దాన్ని మాత్రం నేను ఉన్నదున్నట్టు తర్జుమా చేశాను. ఆవిడ ఇంకా ఏడ్చింది. అప్పటి నుంచి ఆ పిల్లను వదల్లేదు. ఎక్కడికెళ్ళినా చెయ్యి పట్టుకునే తిరిగేది.

మర్నాడు పొద్దున నేను పిల్లలకు జడలు వేస్తున్నాను. ఈ పిల్ల వంతు వచ్చింది. నేను అల్లుతుంటే, "ఇంకా గట్టిగా లాగక్కా" అంది. "మా అమ్మ చానా గట్టిగా అల్లుద్ది. సాయంత్రం దాకా ఊడదు."

నా చేతులు ఆగిపోయాయి. అల్లుద్ది. వ్యాకరణం చెప్పి బతికేదాన్ని నేను. చచ్చిపోయిన మనిషి గురించి ఎవరూ అలా అనరు.

"అల్లేదా, అల్లుద్దా?" అన్నాను, క్లాసులో అడిగినట్టే.

ఆ పిల్ల వీపు బిగుసుకుపోయింది. వెనక్కి తిరగలేదు. సన్నగా, "అల్లేది" అంది.

తప్పు దిద్దుకున్న విద్యార్థిలా అంది. నేను జడ పూర్తి చేసి రిబ్బను కట్టి పంపేశాను. వెంటనే ఇంకో పిల్ల వచ్చి కూర్చుంది. టిఫిన్ల వేళయింది, టీమ్ వ్యాను గేటు దగ్గర హారన్ కొట్టింది, నేను లేచి వెళ్ళిపోయాను. దాని గురించి ఎన్నోసార్లు ఆలోచించాను. ఆ పొద్దున రిబ్బను కట్టకుండా ఆ పిల్లను నా వైపు తిప్పుకుని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, తర్వాత జరిగింది జరిగేది కాదు.

గురువారం పిల్లలందరినీ బస్సులో విహారానికి తీసుకెళ్ళారు. ముందు ఎత్తిపోతల. పిల్లలు కటకటాల మీదికి వంగి జలపాతం చూసి కేకలు పెట్టారు. ఫొటోలు తీశారు, పాటలు పాడించారు. అక్కడి నుంచి డ్యామ్ చూపించడానికి విజయపురి సౌత్ వెళ్ళాం. మంచినీళ్ళు కొనడానికి బస్టాండు పక్కన ఆపారు.

ఆపగానే కిటికీల దగ్గరికి అమ్ముకునేవాళ్ళు వచ్చారు. వాళ్ళలో ఒకామె చంకన బుట్ట పెట్టుకుని జామకాయలు, జామకాయలు అంటూ ఒక్కో కిటికీ దాటుతోంది. వెలిసిపోయిన ఆకుపచ్చ చీర, మోచేతుల దాకా మగవాళ్ళ చొక్కా. నా ముందు సీటు కిటికీ దగ్గరికి వచ్చి ఠక్కున ఆగింది. ఆ సీట్లో పెద్దావిడ, కిటికీ వైపు ఆ పిల్ల కూర్చున్నారు.

"ఏమే! ఏమే నా తల్లీ! నువ్వేందే ఇక్కడ!" అని అరిచింది. ఆ అరుపులో ఎంత సంతోషముందో నాకిప్పటికీ వినిపిస్తుంది. బుట్ట కింద పడేసినంత పనిచేసి, కిటికీ ఊచల్లోంచి చెయ్యి లోపలికి పెట్టి ఆ పిల్ల చెంప నిమిరింది.

పిల్ల ఒక్కసారి తలెత్తి బస్సు మొదటి సీటు వైపు చూసింది. అక్కడ అయ్యగారు కూర్చుని ఉన్నాడు. ఆయన కళ్ళెర్ర చెయ్యలేదు. ఊరికే వెనక్కి తిరిగి చూశాడు. పిల్ల తల వంచుకుని తన ఒడిలోకి చూడటం మొదలుపెట్టింది.

"ఏందే పలకవు? జొరమొచ్చిందా? మొన్న ఆదివారం వద్దామంటే తెల్లోళ్ళు వస్తన్నారు, ఈ నెల రావద్దని ఫోన్ చేశారు గదే. నీకు చెప్పలేదా? ఇటు చూడే!"

బస్సులో పిల్లలందరికీ ఆమె తెలుసు. వాళ్ళ మొహాలు చూస్తే తెలిసిపోయింది. ఒక్కరూ నోరు మెదపలేదు. ముప్పై మంది పిల్లలు అంత నిశ్శబ్దంగా ఉండటం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

పెద్దావిడ కంగారుగా ఆ పిల్లను అడిగింది, ఈమె నీకు తెలుసా అని. ఆ మాత్రం ఇంగ్లీషు ఆ పిల్లకు వచ్చు. తల అడ్డంగా ఊపింది. ఊచల్లోంచి చెంప మీద ఉన్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

అప్పుడు పెద్దావిడ నా వైపు తిరిగింది. "ఏమంటోంది ఆమె?"

అయ్యగారు ముందు నుంచి మామూలు గొంతుతో, "జామకాయలు కొనమంటోందని చెప్పమ్మా" అన్నాడు.

నేను చెప్పాను. "జామకాయలు కొనమంటోంది, అంతే."

'అంతే' నేను కలిపిందే.

పెద్దావిడ పాపం అనుకుంటూ పర్సులోంచి నోటు తీసి కిటికీలోంచి ఇచ్చింది. జామకాయలామె కూతురి వైపే చూస్తోంది. చేతులు మాత్రం అలవాటు కొద్దీ నోటు తీసుకున్నాయి, కాయలు ఏరి సంచిలో వేసి అందించాయి. బస్సు కదిలింది. ఆమె వెంట పరిగెత్తలేదు, అరవలేదు. వెనక అద్దంలోంచి చూస్తే ఆ నోటు పట్టుకుని నిలబడి ఉంది.

సంచి బస్సంతా తిరిగింది. టీమ్‌లో కుర్రాడు ఒక కాయ కొరికి చాలా తియ్యగా ఉందన్నాడు. పిల్లలు ఒక్కరు కూడా తీసుకోలేదు.

హోమ్‌కి రాగానే నేను ఆఫీసు గదిలోకి వెళ్ళాను. అయ్యగారు కుర్చీ చూపించాడు. కూర్చోలేదు.

"ఆ పిల్లకు తల్లి ఉంది" అన్నాను.

"ఉంది" అన్నాడు. ఒక్క క్షణం కూడా తడబడలేదు. "ఆమే తెచ్చి దింపి పోయింది. నేనేమన్నా ఎత్తుకొచ్చానా? మొగుడు పోయాడు. మిరపకోతలప్పుడు క్రోసూరు వైపు పోయి మూడు నెలలు అక్కడే ఉంటది. పిల్లని ఎవరు చూస్తారు? ఇక్కడ అన్నం పెడుతున్నాం, బడికి పంపుతున్నాం. ఆ తల్లిని అడుగు, నా కాళ్ళకి దండం పెట్టుద్ది."

"మరి తల్లి చచ్చిపోయిందని ఎందుకు చెప్పిస్తున్నారు?"

"తల్లి ఉందంటే వీళ్ళు వస్తారా అమ్మా?" అన్నాడు, చిన్నపిల్లకు చెప్పినట్టు. "పేదరాలి కూతురు అంటే అక్కడెవరూ ఏడవరు. అనాథ అంటేనే ఏడుస్తారు. వాళ్ళు ఏడిస్తేనే ఇక్కడ పొయ్యి వెలుగుద్ది. నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలియదా?"

"ఆమెకు చెప్పారా?"

"ఏమని?"

"ఆమె చచ్చిపోయిందని."

ఆయన టేబుల్ మీది కాగితాలు సర్దుకున్నాడు. "రేపు వీడ్కోలు పాటలు ప్రాక్టీసు చేయించాలి. నువ్వు కాస్త చూడు" అన్నాడు.

తల్లి గురించి, పొయ్యి గురించి ఆయన చెప్పిన మాటల్లో కొంత నిజముంది. నన్ను మండించింది అదే. అన్నం పెడుతున్నాడు, నిజమే. ఆ అన్నం కోసం ఒక పిల్ల టీమ్ వచ్చినప్పుడల్లా లేచి నిలబడి తన తల్లిని చంపుతోంది, అదీ నిజమే. ఇంతకంటే తేలికైన దారి ఎవరికీ తట్టలేదా? ఇంత దూరం విమానాలెక్కి వచ్చినవాళ్ళకు, గోడకు సింహం వెయ్యడానికి తొమ్మిది రోజులు దొరికినవాళ్ళకు, ఏమ్మా నీకు ఎవరున్నారు అని ఒక పిల్లను విడిగా అడగడానికి పది నిమిషాలు దొరకలేదా? అడిగినా తర్జుమా చేసేది నేనే కదా. అది గుర్తొచ్చి ఆ కోపం మళ్ళీ నా దగ్గరికే వచ్చేది.

శుక్రవారం పొద్దున పెద్దావిడ సింహం జూలుకు పసుపు రంగు వేస్తోంది. పక్కకు పిలిచి చెప్పేశాను. నిన్న కిటికీ దగ్గరికి వచ్చింది ఆ పిల్ల తల్లి, నేను అబద్ధం చెప్పాను అని. ఆవిడ కుంచె పట్టుకునే నేల మీద కూలబడింది. బాగా ఏడ్చింది. తర్వాత, "నువ్వు అప్పుడే చెప్పి ఉండాల్సింది" అంది. అది నిజమే కాబట్టి నేను తల వంచుకున్నాను.

ఆవిడ అయ్యగారి గదిలోకి వెళ్ళింది. ఆయన ఇంగ్లీషు అంతంత మాత్రమే అనుకునేదాన్ని. గంటసేపు నా అవసరం లేకుండానే మాట్లాడుకున్నారు. బయటికి వచ్చాక ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. విషయం మనం అనుకున్నంత సులువు కాదట. ఇంకా రెండు రోజులే ఉన్నాయట. పిల్లలకు వీడ్కోలు పండగ పాడు చెయ్యకూడదట. వెళ్ళాక తమ చర్చి పెద్దలతో మాట్లాడతారట, ప్రార్థిస్తారట.

"ఏమని ప్రార్థిస్తారు?" అని అడిగాను.

ఆవిడకు నా ప్రశ్న అర్థం కాలేదు. మళ్ళీ కుంచె తీసుకుంది. మంచి మనిషి. ఆ మాట ఇప్పటికీ అంటాను. ఆవిడ చెడ్డదై ఉంటే నా కోపం ఎప్పుడో చల్లారేది.

నేను సంచి తగిలించుకుని ఎవరికీ చెప్పకుండా రోడ్డు మీదికి వచ్చి, మాచర్లలో బస్సు మారి విజయపురి సౌత్‌లో దిగాను. ఆమె అదే చోట ఉంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"నిన్న బస్సులో ఉన్నావు గదా, టీచరమ్మా? నా కూతురికేమైంది? ఒళ్ళు బాగలేదా?" అంది. నేను నోరు తెరిచేలోపే ఆమే చెప్పుకుపోయింది. "నిన్నటి నుంచి ముద్ద దిగట్లా. నా గుడ్డలు బాగలేవు గదా, తెల్లోళ్ళ ముందు సిగ్గుపడిందనుకున్నా. పడితే పడనీ, పెద్దబళ్ళో చదువుకుంటన్న పిల్ల, అనుకున్నా. ఈసారి పోయేటప్పుడు మంచి చీర కట్టుకుపోవాలి."

చీర గురించి ఇంకాసేపు మాట్లాడనిచ్చాను. ధైర్యం చాల్లేదు. తర్వాత సోడాబండి నీడలో కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఆమెకు చెప్పినట్టు అది హాస్టల్ కాదని, తెల్లవాళ్ళకు అనాథాశ్రమమని చెప్తారని, సిగ్గుపడి కాదు, అలా ఉండమని నేర్పితే ఉందని చెప్పాను. ఆదివారం ఏం అప్పజెప్పిందో కూడా చెప్పాను.

ఆమె నా మొహంలోకి చూసింది.

"నేను చచ్చిపోయానని నా బిడ్డ నోటితోనే చెప్పిచ్చారా?"

"ఊఁ."

"నువ్వేం చేస్తన్నావు మరి ఆడ?"

"నేను దాన్ని వాళ్ళకి ఇంగ్లీషులో చెప్పేదాన్ని."

"అంటే ఇంగ్లీషులో కూడా చంపావన్నమాట" అంది.

లేచింది. బుట్టను సోడాబండి సాయిబుగారికి అప్పగించి, "బాబాయ్, పొద్దుగూకే లోపు వస్తా" అని చెప్పి, మాచర్ల బస్సెక్కింది. నేను వెనకాలే ఎక్కాను. ఆమె పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోమనలేదు. దారి పొడుగునా నిలబడే వచ్చాను.

మేం వెళ్ళేసరికి హాలు ముందు పిల్లలు వరుసల్లో నిలబడి వీడ్కోలు పాట ప్రాక్టీసు చేస్తున్నారు. టీమ్ అంతా కుర్చీల్లో కూర్చుని ఉంది. అయ్యగారు గేటు దగ్గరికి ఎదురొచ్చి, "ఏమ్మా, ఇయ్యాళ ఆదివారం కాదు గదా" అన్నాడు.

"నేను చచ్చిపోయాను గదయ్యా" అంది ఆమె. "చచ్చినోళ్ళకి ఆదివారమేంది, శుక్కురారమేంది?"

పాట ఆగిపోయింది. ఆమె ఆవరణ మధ్యకి నడిచి వచ్చి నిలబడింది. ఆమె గొంతు పెద్దది, రోజంతా బస్టాండులో బస్సుల మోత మీద అరిచే గొంతు. "హాస్టలన్నావు. చదువు చెప్పిస్తానన్నావు. కాళ్ళకి దండం పెట్టా నీకు. నా కూడు నేను తినకుండా ఈ పిల్లలందరికీ కాయలు మోసుకొచ్చా ప్రతి నెలా. నీకు కావాల్సింది శవమైతే అప్పుడే చెప్పాల్సింది, నా బిడ్డని నీ గేటు కూడా దాటనిచ్చేదాన్ని కాదు. నా కూతురు చేత నన్ను పాతిపెట్టిచ్చావు. ఎన్నిసార్లు పాతిపెట్టిచ్చావు? చెప్పు!"

పెద్దావిడ లేచి నిలబడింది. "ఏమంటోంది?" అని అడిగింది, నన్నే.

ఈసారి ఒక్క ముక్క వదల్లేదు. గుక్క తిప్పుకోకుండా, ఆమె ఎక్కడ అరిస్తే అక్కడ అరుస్తూ చెప్పాను. తిట్లు కూడా చెప్పాను. అయ్యగారు రెండుసార్లు "చాలమ్మా" అన్నాడు, దాన్ని కూడా తర్జుమా చేశాను. కుర్చీల్లో కొందరు మొహాలు కప్పుకున్నారు. అప్పుడు నాకు వాళ్ళ కన్నీళ్ళు చూస్తే ఒళ్ళు మండిపోయింది. ఏడవడానికి తప్ప దేనికీ రాలేదా మీరు, అని అరవాలనిపించింది. అది ఆమె అన్న మాట కాదు కాబట్టి అనలేదు.

పిల్ల పరిగెత్తుకుంటూ రాలేదు. వరుసలోనే నిలబడి అయ్యగారి వైపు చూసింది.

"ఎవర్ని అడుగుతన్నావే?" అంది తల్లి, గొంతు తగ్గించి. "పోయి పెట్టె తెచ్చుకో."

పిల్ల లోపలికి వెళ్ళి రేకు పెట్టె తెచ్చుకుంది. పెద్దావిడ వంగి ఏదో చెప్పబోయింది. పిల్ల ఆవిడ చెయ్యి కాసేపు పట్టుకుని వదిలేసింది. గేటు దాకా వెళ్ళి తల్లి కొంగు అందుకుంది. ఇద్దరూ వెనక్కి చూడకుండా రోడ్డెక్కారు.

నేను నా బట్టలు సర్దుకుంటుంటే కోడికూర అడిగిన పిల్ల వచ్చి నా చున్నీ లాగింది. "అక్కా, మా అమ్మకి కూడా చెప్తావా? కారంపూడిలో ఉంటది" అంది.

ఆ రోజు ఎనిమిది మంది పిల్లలు తమ తల్లుల, అమ్మమ్మల ఊళ్ళు చెప్పారు. స్కూలుకు సెలవులు దొరికినప్పుడల్లా తిరిగాను. కొందరు వచ్చి పిల్లల్ని తీసుకెళ్ళారు. ఇద్దరు తల్లులు, "చంపితే చంపనీయమ్మా, ఆడ రెండు పూటలా అన్నం పెడతన్నారు గదా" అన్నారు. జిల్లా ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాను. అధికారులు ఒకసారి వచ్చి రిజిస్టరు చూసి, కాఫీ తాగి వెళ్ళారు. బోర్డు మీద అనాథ అనే మాట చెరిపేసి, బాలల గృహం అని రాయించారు. మరుసటి డిసెంబరులో ఇంకో టీమ్ వచ్చింది. గోడ మీద ఇప్పుడు పావురాలున్నాయట.

మా పాస్టరుగారు నన్ను పిలిచి, దేవుని పనికి అడ్డం పడ్డావు అన్నారు. ఏది దేవుని పనో మీకు తెలుసా అని అడిగాను. సండేస్కూలు నుంచి తీసేశారు. మా అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "మంచి పనే చేశావులే" అని గొణిగింది. చర్చి మానలేదు. వెనక వరుసలో కూర్చుంటాను. నా కోపం దేవుడి మీద కాదు. ఆయన పేరు చెప్పి పిల్లల చేత అబద్ధాలు ఆడించేవాళ్ళ మీద, ఆ అబద్ధాలు విని కడుపు నింపుకుని వెళ్ళేవాళ్ళ మీద. ఆ టీమ్ తమ వెబ్‌సైట్లో ఆ పిల్ల ఫొటో పెట్టి కింద ఎవరూ లేని బిడ్డ అని రాసింది. తీసెయ్యమని పెద్దావిడకు మూడుసార్లు మెయిల్ పెట్టాను. మూడుసార్లూ ఎంతో ప్రేమగా జవాబిచ్చింది. ఫొటో మాత్రం ఏడాదికి పైగా అక్కడే ఉంది.

ఆ పిల్లను తల్లి విజయపురి సౌత్‌లోనే ప్రభుత్వ బళ్ళో చేర్పించింది. మిరపకోతలకు వెళ్ళినప్పుడు సోడాబండి సాయిబుగారి ఇంట్లో, వాళ్ళ మనవరాళ్ళతో పాటు ఉంచేది. పాత బడివాళ్ళు టీసీ ఇవ్వకుండా తిప్పించుకుంటుంటే నేను వెళ్ళి హెడ్మాస్టరుతో మాట్లాడి పని చేయించాను. ఆ కాగితం ఇవ్వడానికి వేసవిలో వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి లోపల వంట చేస్తోంది. పిల్ల అరుగు మీద కూర్చుని తొక్కుడుబిళ్ళ ఆడే బిళ్ళను నేలకు రుద్ది నున్నగా చేసుకుంటోంది. కాసేపు అలా రుద్దీ రుద్దీ, తలెత్తకుండా అడిగింది.

"బస్సులో మా అమ్మ జామకాయలు కొనమంటందని చెప్పావంట గదా."

"చెప్పాను."

"నేనంటే చిన్నపిల్లని. అయ్యగారంటే నాకు భయం. నీకేం భయమక్కా?"

ఆయనంటే భయం కాదు. అది నాకు తెలుసు. వేరే ఏదైనా చెప్పి తప్పించుకోవచ్చు, పదేళ్ళ పిల్ల. కానీ చెప్పాను.

"భయం కాదు. వాళ్ళు నా ఇంగ్లీషు బాగుందని మెచ్చుకుంటుంటే బాగుండింది. చెడగొట్టుకోవాలనిపించలా."

పిల్ల బిళ్ళ రుద్దడం ఆపి నన్ను చూసింది.

"ఛీ" అంది.

లోపలి నుంచి తల్లి అన్నానికి పిలిచింది. గోంగూర, చేపల పులుసు. ముగ్గురం కింద కూర్చుని తిన్నాం. ఆమె నాకు మారు వడ్డించింది, పిల్ల మాత్రం తన కంచం కాస్త అటు జరుపుకుంది.